పెరటి తోటకు నీటి పద్దు

అనంతపురంలో రెండున్నర సెంట్ల మిద్దె ఇల్లు ఒకటి ఉందనుకుందాం. కప్పు వైశాల్యం దాదాపు 100 చదరపు మీటర్లు, హైదరాబాదు లెక్కలో 120 గజాలు. ఆ మిద్దె మీద ఏడాది పొడవునా పడిన వాననంతా పట్టి, పొర్లిపోయేదీ ఆరిపోయేదీ కింద ఐదో వంతు తీసేస్తే చేతికి 44,000 లీటర్లు మిగులుతాయి. అదే ఇంటి ముందు సెంటున్నర జాగాలో, అంటే 60 చదరపు మీటర్లలో, పచ్చిక పరిచి దాన్ని మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పచ్చగా నిలబెట్టాలంటే కావలసిన నీళ్లు కూడా ఇంచుమించు 44,000 లీటర్లే. మిద్దె మీద పడ్డ ఏడాది వానను మూడు నెలల్లో గడ్డి తాగేస్తుంది.

ఆ 60 చదరపు మీటర్లలోనే సీతాఫలం, గోరింటాకు, తంగేడు, కాగితంపూలు, కలబంద వంటివి పెంచి డ్రిప్పు పైపు వేస్తే అవే మూడు నెలలకు 8,600 లీటర్లు సరిపోతాయి. ఈ మూడు అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే ఎవరి పెరటి లెక్క వారే వేసుకోవచ్చు. తోటకు ఎంత నీరు పోయాలన్నది గొట్టం చేతపట్టుకున్న రోజున తేలేది కాదు, ఏ మొక్క ఎక్కడ పెట్టాలో అనుకున్న రోజునే తేలిపోతుంది. ఎండ ప్రాంతాల్లో ఇళ్లు కట్టుకునేవారు గడప ముహూర్తానికి ముందే ఈ లెక్క వేయాలని నా పట్టుదల.

వచ్చేదెంత

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు సాధారణ వర్షపాతం ఏడాదికి 552 మి.మీ. అందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఇచ్చేది 338, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం ఇచ్చేది 156. జనవరి నుంచి మే దాకా అయిదు నెలలకు కలిపి మిగిలేది 58 మి.మీ. మాత్రమే. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని తరచూ చెబుతుంటారు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటే ఆపేస్తాయి. బంగాళాఖాతం దూరం కావడంతో ఈశాన్యపు వాన, తుపాను వాన ఇక్కడికి చేరేసరికి పలచబడతాయి.

ఈ 552 మి.మీ. కూడా ఏడాదంతా సర్దుకుని పడదు. రోజుకు 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిస్తేనే వాతావరణ శాఖ దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తుంది. అలాంటి రోజులు ఇక్కడ ఏడాదికి 40 లోపే. మిగతా 325 రోజుల పైచిలుకు మొక్క నేలలో దాగిన తడి మీదో, మనం దాచిన నీటి మీదో బతకాలి.

మిద్దె నీళ్లంటే వెంటనే సంపు గుర్తొస్తుంది గానీ, అంతకన్నా ముందు చూడవలసింది పెరటి నేలనే. ఆ 60 చదరపు మీటర్ల మీద నేరుగా పడే వానే ఏడాదికి 33,000 లీటర్లు. చుట్టూ సిమెంటు చేసి వాలు వీధి వైపు పెట్టిన ఇంట్లో ఇదంతా కాలువ పాలవుతుంది. జానెడు ఎత్తు గట్టు, చెట్టు చుట్టూ పాదు, వాలుకు అడ్డంగా ఒక చిన్న కట్ట ఉంటే చాలావరకు అక్కడే ఇంకుతుంది. పైసా ఖర్చు లేని నీరు ఇది. పైపులు, మోటార్లు కొనే ముందు ఒక పార కొనమని నేను చెప్పేది ఇందుకే.

పోయేదెంత

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో వెలువరించిన నీటిపారుదల మార్గదర్శిలో ఒక పట్టిక ఉంది. ఉష్ణమండలపు పొడి ప్రాంతాల్లో పగలూ రాత్రీ కలిపిన సగటు వేడి 30 డిగ్రీలు దాటితే, నీటి కొరత లేని గడ్డినేల నుంచి రోజుకు 6 నుంచి 8 మి.మీ. నీరు ఆవిరవుతుందని అందులో లెక్కగట్టారు. అనంతపురం వేసవికి మధ్యస్థంగా 7 మి.మీ. తీసుకుందాం. ఏడాది సగటు రోజుకు 5 మి.మీ. అనుకున్నా 365 రోజులకు 1,825 మి.మీ. అవుతుంది. కురిసేది 552 అయితే గాలీ ఎండా కలిసి అడిగేది అంతకు మూడింతల పైనే.

ఈ 7 మి.మీ.ను మొక్కను బట్టి ఒక గుణకంతో హెచ్చించాలి. వేడికి ఓర్చే పచ్చిక రకాలకు అదే మార్గదర్శి ఇచ్చిన గుణకం 0.85. అంటే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 6 లీటర్లు, 60 చదరపు మీటర్లకు 357 లీటర్లు. స్ప్రింక్లరు చిమ్మిన నీటిలో వేళ్లకు చేరేది ముప్పాతిక వంతే కాబట్టి పంపు నుంచి 476 లీటర్లు రావాలి. మూడు నెలల 92 రోజులకు 43,800 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. పల్లెలకు జల్‌జీవన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. సెంటున్నర గడ్డి తాగేది పట్టణంలో ముగ్గురిన్నర మంది వాటా, పల్లెలో ఎనిమిది మందికి పైగా వాటా. ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టుకునే వీధిలో ఈ పచ్చిక పెంచడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఇక కరువుకు ఓర్చే మొక్కల సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నిపుణులు తోట మొక్కలను నీటి అవసరం ప్రకారం నాలుగు తరగతులు చేశారు. ఎక్కువ నీరు అడిగేవాటికి గుణకం 0.7 నుంచి 0.9, మధ్యస్థానికి 0.4 నుంచి 0.6, తక్కువకు 0.1 నుంచి 0.3, అతి తక్కువకు 0.1 లోపు. ఇవి మొక్క కళగా నిలబడేందుకు సరిపడే నీళ్లే, గరిష్ఠంగా పెరగడానికి కావు. మన సీమ మొక్కలకు 0.2 అన్వయించింది నేను. 60 చదరపు మీటర్లకు రోజుకు 84 లీటర్లు, డ్రిప్పులో పదో వంతు వృథా కలిపితే 93 లీటర్లు. 92 రోజులకు 8,600.

కాగితం మీది లెక్క నేల మీద నిలుస్తుందా అన్న అనుమానానికి లాస్ వేగాస్ సమాధానం ఇచ్చింది. ఏడాదికి 100 మి.మీ. చుట్టుపక్కల మాత్రమే వాన పడే ఎడారి నగరం అది. అక్కడి నీటి సంస్థ కొన్ని వందల ఇళ్లలో తోటలకు విడిగా మీటర్లు బిగించి ఏళ్ల తరబడి కొలిచి, 2005లో ఫలితాలు వెల్లడించింది. పచ్చికకు చదరపు మీటరుకు ఏడాదికి దాదాపు 2,970 లీటర్లు పోస్తుంటే, ఎడారి మొక్కల తోటకు 700 లీటర్లు పోశారు. తగ్గుదల 76 శాతం. అంటే పచ్చిక నీటిలో నాలుగో వంతు లోపే సరిపోయింది. మన లెక్కలో కరువు మొక్కలకు వచ్చిన ఐదో వంతుకు ఇది దగ్గరగానే ఉంది. ఆ నగరం ఉన్న రాష్ట్రం 2021లో చట్టం తెచ్చి, లాస్ వేగాస్ ప్రాంతంలో రోడ్ల మధ్య, కార్యాలయాల ముందు ఎవరూ నడవని అలంకార పచ్చికకు 2026 చివరి తర్వాత నదీజలాలు వాడకుండా చేసింది.

రెండు లీటర్లా, ఇరవై లీటర్లా

కరువుకు ఓర్చే మొక్కలు కొన్న చాలామంది ఇళ్లలో అవి మొదటి వేసవిలోనే ఎండిపోతాయి. దీనికి మొక్కను నిందిస్తారు. అసలు కారణం నీరు పోసే తీరులో ఉంది.

అనంతపురంలో ఎక్కువ భాగం ఎర్ర నేలలే, అందులో చాలావరకు ఇసుక పాలు ఎక్కువ. అలాంటి నేల మీటరు లోతుకు మొక్క వాడుకోగల నీటిని సుమారు 100 మి.మీ. పట్టి ఉంచుతుంది. నల్లరేగడి దీనికి దాదాపు రెట్టింపు పట్టగలదు. మొక్క కోసం 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీశామంటే దానిలో పట్టే మట్టి 216 లీటర్లు. అందులో పదో వంతు, అంటే 20 లీటర్ల పైచిలుకు, వేళ్లకు అందే నీరుగా నిలుస్తుంది.

ఇప్పుడు రోజూ రెండు లీటర్లు పోసే ఇంటిని చూడండి. గుంత పైభాగం 0.36 చదరపు మీటర్లు. రెండు లీటర్లంటే దాని మీద 5.5 మి.మీ. వాన కురిసినట్టు. ఎండిన ఎర్రమట్టిలో అది 5, 6 సెంటీమీటర్ల లోతు దాటదు. ఎండకు నేల ఆరిపోయేది సరిగ్గా ఆ పైన ఉన్న 10, 15 సెంటీమీటర్ల పొరలోనే. పోసిన నీటిలో అధిక భాగం సాయంత్రానికి గాలిలో కలుస్తుంది. వేళ్లు తడి ఎక్కడుంటే అక్కడే అల్లుకుంటాయి కాబట్టి పైపైనే ఉండిపోతాయి, ఒక్క వారం ఊరెళ్తే మొక్క చచ్చిపోతుంది. అదే పది రోజుల నీటిని ఒకే తడిగా 20 లీటర్లు పోస్తే 55 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. వేరు దాని వెంట కిందికి పోతుంది. పోసిన నీరు రెండు చోట్లా ఒకటే, ఫలితం మాత్రం చావు బతుకుల తేడా.

కాబట్టి నాటిన మొదటి రెండు వేసవుల్లో వారం పది రోజులకు ఒకసారి 20 లీటర్ల తడి ఇవ్వాలి. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పరు ఒక్కటే ఉంటే అయిదు గంటలు తెరిచి ఉంచాలి. పాదులో 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో, వేరుశనగ పొట్టో, కొబ్బరి పీచో పరచాలి. మొదలుకు తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి. వేరుశనగకు పేరుపడ్డ జిల్లాలో పొట్టుకు కొదవ ఉండదు. డ్రిప్పు పెట్టలేని చోట గ్లేజు లేని మట్టికుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడితే నేల ఆరిన కొద్దీ గోడల గుండా చెమ్మ ఊరుతుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు చైనా వ్యవసాయ రచయిత ఫాన్ షెంగ్‌జీ పుచ్చ జాతి పాదులకు ఈ పద్ధతిని రాసిపెట్టాడు. బీర, సొర పాదులకు మన దగ్గర కూడా ఇది చక్కగా పనికొస్తుంది.

నాటే కాలం గురించి నాది కాస్త వేరు అభిప్రాయం. జూలైలో మొక్కలు నాటడం అలవాటుగా జరుగుతోంది. కానీ అనంతపురంలో వాన బలంగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. జూలైలో నాటితే గాలి జోరుకు, వానల నడుమ వచ్చే ఎడానికి లేత మొక్క అల్లాడుతుంది. ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్యలోగా నాటితే రెండు నెలల వాన, ఆపైన చల్లని నెలలు దొరుకుతాయి. ఫిబ్రవరికి వేరు దిగి ఉంటుంది.

ఏ మొక్క ఎలా తట్టుకుంటుంది

ఎండను ఓర్చుకోవడం అన్ని మొక్కల్లో ఒకే రకంగా ఉండదు. సీతాఫలం ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ రాల్చేసి ఖర్చు మానుకుంటుంది. వేసవిలో మోడులా కనిపించిందని కంగారుపడి రోజూ నీళ్లు పోయనక్కర్లేదు, తొలకరికి చిగురిస్తుంది. పాలమూరు వైపు పేరుపొందిన బాలానగర్ రకం పెరటికి కూడా బాగుంటుంది. వేప, రేగు, కానుగ లోతుకు వేరు దించి నీళ్లు తెచ్చుకుంటాయి. కానుగ ఉగాది వేళకు కొత్త చిగురుతో ఉంటుంది, వేసవి నీడకు దానికి మించిన చెట్టు చిన్న వీధుల్లో లేదని నా నమ్మకం. వేపను గోడకు కనీసం 5 మీటర్ల దూరంలో పెట్టండి.

కలబంద, కిత్తనార, బ్రహ్మజెముడు మరో దారి పట్టాయి. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారిలోనే నీరు పోతుంది. గ్రాము బొగ్గుపులుసు వాయువు పీల్చుకోవడానికి వరి, వేరుశనగ లాంటివి 400 నుంచి 500 గ్రాముల నీటిని వదులుకుంటాయి. జొన్న, మొక్కజొన్న తరహా మొక్కలు 250 నుంచి 300 గ్రాములతో సరిపెడతాయి. కలబంద జాతివి రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి, పట్టిన వాయువును ఆమ్లంగా దాచుకుని, పగలు ఎండలో వాడుకుంటాయి. వాటి ఖర్చు 50 నుంచి 100 గ్రాములు. అందుకే అవి నిదానంగా పెరుగుతాయి.

పూలు కావాలంటే ఎండ ప్రాంతం పేదదేమీ కాదు. కాగితంపూల తీగకు నీరు ఎక్కువైతే ఆకే వస్తుంది. నేల ఆరనిస్తే తీగంతా పూతే. బిళ్ళగన్నేరు తనకు తానే విత్తనం రాలి మొలుస్తుంది. ఈ చిన్న మొక్క నుంచే రక్త క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ తీస్తారు. దేవగన్నేరు ఆకు రాల్చి మరీ పూస్తుంది. కంచెకు గోరింటాకును మించింది లేదు, కత్తిరించిన కొద్దీ గుబురవుతుంది, కత్తిరించిన ఆకు ఆడపిల్లల చేతులకు అక్కరకొస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు బీళ్లలో, గట్ల మీద ఎవరూ నీరు పోయకుండానే బతుకమ్మ నాటికి పసుపు పచ్చగా విరగబూస్తుంది. దాన్ని ఇంటి ముందు వేసుకునేవారు ఇంత తక్కువగా ఉండడం నాకు బాధ కలిగిస్తుంది. తల్లివేరు చెదిరితే కోలుకోవడం కష్టం కాబట్టి విత్తనాన్ని నేరుగా నేలలోనే వేయాలి.

మల్లె లేని పెరడు వద్దనేవారికి లెక్క అడ్డం రాదు. మల్లెకు గుణకం 0.5 అనుకుంటే చదరపు మీటరు గుబురుకు వేసవిలో రోజుకు 3.5 లీటర్లు. నాలుగు పొదలకు 14 లీటర్లు, అంటే ఒక బకెట్టు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లే అంతవుతాయి. వాటిని వంటింటి వెనక పెట్టండి, పక్కనే కరివేపాకు. నీళ్లు ఎక్కువ తాగేవన్నీ ఒకచోట, అసలు అడగనివి దూరంగా ప్రహరీ వెంట. తంగేడు, మల్లె ఒకే డ్రిప్పు పైపు మీద ఉంటే ఒకదానికి నీరు ఎక్కువవుతుంది, లేదంటే రెండోది మాడుతుంది.

కూరగాయల్లో గోరుచిక్కుడు, అలసంద, గోంగూర వానల్లో విత్తుకుంటే తక్కువ తడులతో చేతికొస్తాయి. మునగ విత్తనం వేసిన ఆరు నెలలకే కాసే రకాలున్నాయి. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తుకు నరికేస్తే కొమ్మలు విరగకుండా మళ్లీ గుబురుగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకుకూరల మళ్లను ఖాళీగా వదిలి ఎండుటాకులు కప్పి ఉంచడమే మేలు.

కరువును ఓర్చే ప్రతిదీ మనకు పనికిరాదు. సర్కారు తుమ్మను మన దేశంలోకి తెచ్చింది 1877 ప్రాంతంలో. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను మొదట నాటింది మన కడప జిల్లా కమలాపురంలోనే. కలపకు, వంటచెరకుకు పనికొస్తుందని తెచ్చిన కంప ఇవాళ చెరువు గర్భాలను, పచ్చిక బీళ్లను కమ్మేసింది. ఇటీవల రోడ్ల వెంట విరివిగా పెంచిన కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది. నర్సరీలో చవగ్గా దొరికినా తీసుకోవద్దు. గన్నేరు నీరు అడగదు, చవుడును సైతం ఓర్చుకుంటుంది, కానీ ఆకు నుంచి గింజ దాకా ప్రాణాంతకమైన విషం. 2024లో కేరళలో ప్రధాన దేవస్వం బోర్డులు నైవేద్య, ప్రసాదాల్లో ఆ పూల వాడకాన్ని ఆపేశాయి. పసిపిల్లలు, మేకలు, ఆవులు తిరిగే ఇంట్లో దాన్ని పెంచకండి.

కుండీల వారికి ఒక మాట. నేలలో కరువును ఓర్చే మొక్క కుండీలో ఓర్చలేదు. 20 లీటర్ల మట్టి పట్టే కుండీలో వేళ్లకు అందే నీరు రెండు, మూడు లీటర్లే, కింద ఇంకా లోతుకు పోయే దారి లేదు. కలబంద, జెముడు జాతులు తప్ప తక్కినవన్నీ వేసవిలో రెండు రోజులకోసారైనా తడి అడుగుతాయి.

ఆర్వో యంత్రం వదిలే నీటిని మొక్కలకు పోసే అలవాటు పెరుగుతోంది. లీటరు మంచినీటికి మూడు లీటర్లు బయటికి పోయే యంత్రమైతే, బోరు నీటిలో లీటరుకు 900 మిల్లీగ్రాములున్న లవణాలు ఆ వదిలిన నీటిలో దాదాపు 1,200 అవుతాయి. అనంతపురం బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడు సమస్య కూడా ఉంది. కాబట్టి ఆ నీటిని ఆకుకూరలకు పోయవద్దు. కాగితంపూలకు, కంచె మొక్కలకు వాడుకోవచ్చు, కానీ నెలల తరబడి అదే పోస్తే ఉప్పు పేరుకుంటుంది. వాన నీటితో ఏడాదికొకసారైనా పాదు నిండా తడిపి కిందికి కడిగెయ్యాలి.

సంపు ఎంత ఉండాలన్నది చివరి లెక్క. 50 మి.మీ. వాన ఒక్కటి గట్టిగా కురిస్తే 100 చదరపు మీటర్ల మిద్దె నుంచి 4,000 లీటర్లు వస్తాయి. మిద్దె కడిగే తొలి 100, 200 లీటర్లను బయటికి వదిలేయాలి. అలాంటి వానలు మూడు పడితే 10,000 లీటర్ల సంపు నిండుతుంది, వేసవి మూడు నెలల 8,600 లీటర్ల అవసరం అందులోనే తీరుతుంది. అక్టోబరు చివరికల్లా సంపు నిండి ఉండేలా చూసుకుని, ఫిబ్రవరి దాకా దానికి మూత తీయకూడదు. ఆ నడుమ నెలల్లో నేలలో మిగిలిన చెమ్మ, వంటింటి నీళ్లు చాలు. మూడో వేసవి నుంచి వేప, కానుగ, రేగుకు పైపు మూసేయవచ్చు. సీతాఫలానికి, గోరింటాకుకు నెలకు రెండు తడులు ఇస్తే సరిపోతుంది. తంగేడుకు, వరుసగా ఆరు వారాలు చినుకు లేకపోతే తప్ప, అదీ అక్కర్లేదు.